ఫెస్ పాతనగరంలో ఉంటూ హైదరాబాద్ ఆఫీసు పని చేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ కంపెనీలో ఇంటి నుంచి పని చేస్తున్నారు. మొరాకోలోని ఫెస్‌లో, అదీ కొత్త సిటీలో కాకుండా పాత గోడల లోపలే ఒక నెల ఉండాలని ఉంది. ఒక్కరే వెళ్తున్నారు, శాకాహారి. నెట్ ఉంటుందా, పని సాగుతుందా, ఒక్క ఆడమనిషికి ఇబ్బంది ఉండదా?

సాగుతుంది. నేను రెండుసార్లు ఉండి వచ్చాను. 2023 అక్టోబరులో ఒక నెల, మళ్ళీ 2024లో రంజాన్ రోజుల్లో. రెండూ పాతనగరంలోనే. నా అనుభవంలో తేలింది ఒక్కటే. ఊరు మీకు ఎలాగూ నచ్చుతుంది, దాని గురించి బెంగ వద్దు. మీ నెల బాగుంటుందా లేదా అన్నది మీరు తీసుకునే ఇంటిని బట్టి ఉంటుంది. అందుకే ఇంటి గురించే ఎక్కువ రాస్తాను.

ముందు గడియారం సంగతి. మొరాకో కంటే మనం నాలుగున్నర గంటలు ముందు. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం ఆరున్నరకు ముగిసే పని అక్కడ తెల్లవారుజామున ఐదింటికి మొదలై మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. వినడానికి కష్టంగా ఉంటుంది కానీ, ఇంతకంటే మంచి టైమ్ ఏ దేశంలోనూ దొరకదనిపించింది నాకు. రెండింటికి లాప్‌టాప్ మూసేస్తే ఆ పూటంతా మీదే. రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి, అంతే. అక్టోబరులో అక్కడ ఏడు దాటితే కానీ సూర్యుడు రాడు. మా టీమ్ కాల్ మన టైమ్ ప్రకారం పదిన్నరకు, అంటే అక్కడ ఆరింటికి. సరిగ్గా ఆ వేళకే ఫజ్ర్, అంటే తెల్లవారుజాము నమాజు అజాన్ మొదలయ్యేది. ఒక మినార్ నుంచి కాదు, ఒకదాని వెనక ఒకటి, దగ్గరా దూరమూ కలిసిపోయి లోయ మొత్తం మోగుతుంది. మొదటి రోజు మైక్ ఆపడం మర్చిపోయాను. అవతల మాట్లాడుతున్న వాళ్ళందరూ ఆగి విన్నారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2018 నుంచి మొరాకో గడియారం ఏడాదంతా గ్రీనిచ్‌కి గంట ముందే ఉంటుంది, ఒక్క రంజాన్ నెలలో మాత్రం గంట వెనక్కి జరుపుతారు. అప్పుడు మనకీ వాళ్ళకీ తేడా ఐదున్నర గంటలు. అంటే మీ డ్యూటీ తెల్లవారుజామున నాలుగింటికే. ఇది విని రంజాన్‌లో వెళ్ళడం మానుకోకండి. ఆ వేళకు ఊరంతా మేలుకునే ఉంటుంది, ఉపవాసం మొదలయ్యే ముందు తినే సహర్ భోజనం చేస్తూ. రెండోసారి వెళ్ళినప్పుడు రోజూ నాలుగింటికి ముందే ఇంటావిడ నా గది తలుపు తట్టి, వేడి వేడి మ్సెమెన్ రెండు, తేనె, పుదీనా టీ పెట్టి వెళ్ళేది. మ్సెమెన్ అంటే మన పరోటా చెల్లెలు అనుకోండి, చదరంగా మడతపెట్టి కాలుస్తారు. నేను ఉపవాసం ఉండనని ఆవిడకు తెలుసు. అయినా ఆ వేళకు మెలకువగా ఉన్న మనిషికి తిండి పెట్టకుండా ఉండలేకపోయేది.

ఇక ఇల్లు. పాతనగరంలో ఇంటిని దార్ అంటారు. మన మండువా లోగిలి చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, దాని చుట్టూ గదులు, గదుల తలుపులన్నీ ముంగిలి వైపే. నడుమ తోట ఉంటే దాన్ని రియాద్ అంటారు. వీధి వైపు కిటికీలు దాదాపు ఉండవు. బయట నుంచి చూస్తే ఎత్తైన గోడ, చిన్న తలుపు. లోపలికి అడుగు పెడితే నేల నుంచి నడుము ఎత్తు దాకా జెల్లీజ్ రంగు పలకలు, పైన దేవదారు చెక్క నగిషీ. ఫోటోలు చూసి మనసు పారేసుకుంటాం. నేనూ అలాగే మొదటి ఇల్లు తీసుకున్నాను.

రౌటర్ కింద వంటింటి పక్కన ఉంది, నా గది రెండో అంతస్తులో. ఆ గోడలు ఎంత మందమంటే, గది తలుపు వేస్తే సిగ్నల్ ఒక్క గీత కూడా ఉండదు. తలుపు తీస్తే ముంగిలి నిండా నా మాటలే. గిన్నె కింద పెట్టినా పై అంతస్తుకు వినిపించే కట్టడం అది. సోమవారం క్లయింట్ డెమో మధ్యలో మూడుసార్లు లైన్ తెగిపోయింది. ఆ టెన్షన్‌లో లాప్‌టాప్ చేత్తో పట్టుకుని మెట్లెక్కి డాబా మీదకు వెళ్ళి, ఫోన్ హాట్‌స్పాట్‌తో ముగించాను. చీకటి, చలి, చుట్టూ డిష్ యాంటెన్నాలు. ఫోన్‌లో అక్కడి సిమ్ లేకపోయి ఉంటే ఆ రోజు నా పరువు పోయేది. ఇంటి యజమాని "ఇన్‌షా అల్లా రేపు బాగవుతుంది" అంటూనే నాలుగు రోజులు గడిపారు. ఐదో రోజు ఖాళీ చేసేశాను.

అందుకని డబ్బు కట్టే ముందు మూడు అడగండి. మీరు పని చేసే గదిలోనే, తలుపు మూసి, నెట్ స్పీడ్ చూపిస్తూ వీడియో తీసి పంపమనండి. ముంగిట్లో తీసిన వీడియో పనికిరాదు. రెండోది, బల్ల, కుర్చీ. అక్కడి గదుల్లో గోడల పొడుగునా సెదారి అనే ఎత్తు తక్కువ పరుపు సోఫాలుంటాయి. మాట్లాడుకోవడానికి హాయిగా ఉంటాయి కానీ తొమ్మిది గంటలు వాటి మీద పని చేస్తే నడుము పట్టేస్తుంది. మూడోది, టాక్సీ ఆగే చోటు నుంచి ఎంత నడవాలి. పాతనగరంలోకి కార్లు రావు. బత్‌హా, ర్సీఫ్ చౌరస్తాల దగ్గరి దాకా ఎరుపు రంగు చిన్న టాక్సీలు వస్తాయి. అక్కడికి పది నిమిషాల నడకలో ఇల్లు ఉంటే మంచిది. సామాను తోపుడు బండి మీద తెచ్చిపెట్టే మనుషులు ద్వారాల దగ్గరే ఉంటారు, బేరం ముందే మాట్లాడుకోండి.

సిమ్ మాత్రం దిగిన రోజే పాస్‌పోర్ట్ చూపించి కొనండి. ప్లగ్ సంగతి కూడా చెప్పాలి. మన మూడు పిన్నుల ఛార్జర్ అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి.

రెండో ఇల్లు పేరున్న హోటలేమీ కాదు, ఒక కుటుంబం ఉండే దార్‌లో ఒక గది. నెలకు 4,500 దిర్హామ్‌లు ఇచ్చాను, అప్పటి లెక్కలో సుమారు 37 వేల రూపాయలు. రౌటర్ నా గది గుమ్మంలోనే. ఇంటావిడను అందరూ ఖాల్తి అని పిలిచేవారు. అంటే అమ్మ చెల్లెలో అక్కో అని అర్థం, పెద్దావిడను ఎవరైనా అలాగే పిలుస్తారు. నేనూ పిన్నిని పిలిచినట్టే పిలిచాను.

ఆ ఇంట్లో ఉండబట్టే నాకు ఫెస్ అసలు ఎలా బతుకుతుందో తెలిసింది. పాతనగరంలో ఒక్కో పేటకూ ఒక మసీదు, ఒక హమామ్ (అందరూ వాడుకునే స్నానశాల), ఒక నీటి కొళాయి, పిల్లల ఖురాన్ బడి, ఒక ఫెర్రాన్ ఉండాలన్నది పాత పద్ధతి. ఫెర్రాన్ అంటే పేట మొత్తానికి ఒకే రొట్టెల పొయ్యి. ఖాల్తి పొద్దున్నే పిండి కలిపి, గుండ్రంగా ఒత్తి, చెక్క పలక మీద వరసగా పెట్టి పైన గళ్ళ గుడ్డ కప్పేది. ఒక శనివారం ఆ పలక నా చేతికిచ్చింది. సందు మలుపులో నాలుగు మెట్లు దిగితే నల్లబడిన గది, లోపల కట్టెల మంట. పొయ్యి ముందు నిలబడ్డ పెద్దాయన నావైపు చూడలేదు, పలక వైపే చూశాడు. గుడ్డ చూసి ఏ ఇంటిదో గుర్తుపట్టి, పొడుగాటి కర్రగరిటెతో రొట్టెలు లోపలికి తోశాడు. అరగంటయ్యాక వెళ్తే ఇరవై ముప్ఫై ఇళ్ళ రొట్టెల్లోంచి మావి ఏరి అదే పలక మీద పెట్టిచ్చాడు. ఒక్కటీ తారుమారు కాలేదు. ఆ రోజు నుంచి సందులో పిల్లలు నన్ను "ఖాల్తి ఇంటి హింది అమ్మాయి" అనేవారు (హింది అంటే అక్కడ ఇండియా మనిషి అని), దారి తప్పితే ఇంటిదాకా దిగబెట్టేవారు.

దారి తప్పుతారు, అందులో అనుమానం లేదు. తొమ్మిది వేలకు పైగా సందులున్నాయంటారు, ఫోన్ మ్యాప్ ఇరుకు సందుల్లో సరిగా పని చేయదు. నేల వాలును నమ్ముకోండి. దిగుతూ పోతే సఫ్ఫారీన్, ర్సీఫ్ వైపు చేరతారు, ఎక్కుతూ పోతే బూ జెలూద్ నీలి ద్వారం దగ్గర తేలతారు. వెనక నుంచి "బాలక్!" అని కేక వినిపిస్తే ఆలోచించకుండా గోడకు అంటుకోండి, సరుకు మోస్తున్న కంచర గాడిద వస్తున్నట్టు. "ఈ దారి మూసేశారు, నేను చూపిస్తా" అనే కుర్రాళ్ళకు "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని ఆగకుండా నడిచేయండి. ఒంటరిగా తిరిగేటప్పుడు వెంటపడి మాటలనే వాళ్ళు రెండు మూడుసార్లు ఎదురయ్యారు. దగ్గర్లో ఆడవాళ్ళున్న దుకాణంలోకి వెళ్ళి నిలబడితే చాలు, వాళ్ళే అదిలిస్తారు. రాత్రి తొమ్మిది తర్వాత సందులు బోసిపోతాయి. ఆ వేళకు మీరు నిద్రలో ఉంటారు కాబట్టి సమస్య లేదు.

తిండికి శాకాహారులకు దిగులు లేదు, జాగ్రత్త మాత్రం కావాలి. బిస్సారా అని ఎండు బాకలా గింజల (చిక్కుడు లాంటివి, ఫావా బీన్స్ అంటారు) చిక్కటి సూప్ ఉంటుంది, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. ఖుబ్జ్ రొట్టె ముంచుకుని తింటే నాకు అదే పూట భోజనం. రొట్టె దిర్హామ్ చిల్లర. వంకాయతో చేసే జాలూక్ అయితే మన వంకాయ పచ్చడికి చుట్టమే. కానీ కూరగాయల కూస్కూస్ (గోధుమ రవ్వతో చేసేది), హరీరా సూప్ మాంసం ఉడికించిన నీళ్ళతోనే చేస్తారు చాలా చోట్ల. "బ్లా ల్‌హమ్" అంటే మాంసం లేకుండా అని. ముక్కలు తీసి ఇవ్వడం కాదు, నీళ్ళు కూడా వద్దని విడిగా చెప్పాలి. బియ్యం దొరుకుతాయి, ఆవకాయ, కందిపొడి మీరు తీసుకెళ్ళండి. శుక్రవారం మధ్యాహ్నం దుకాణాలు చాలావరకు కట్టేస్తారు, గురువారమే సరుకులు తెచ్చుకోండి.

రెండింటి తర్వాత ఎక్కడికెళ్ళాలో నేను చెప్పక్కర్లేదు. ఒక్క సఫ్ఫారీన్ గురించి చెబుతాను. ఇత్తడి, రాగి పాత్రలు కొట్టేవాళ్ళ చిన్న చౌరస్తా అది. దాని పక్కనే కరవియ్యీన్ మసీదు గ్రంథాలయం. ఆ మసీదును 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ కట్టించారని చెబుతారు. గ్రంథాలయం పాడైపోతే బాగుచేసింది ఆ ఊరి ఆడపడుచే, ఆర్కిటెక్ట్ అజీజా షావూనీ. 2016లో ఆ పని పూర్తయింది. ముస్లింలు కానివాళ్ళు మసీదులోకి వెళ్ళకూడదు, గుమ్మం బయట నుంచి చూడొచ్చు. నేను చాలా సాయంత్రాలు ఆ చౌరస్తాలో టీ గ్లాసుతో సుత్తుల చప్పుడు వింటూ కూర్చున్నాను.

టికెట్ కొనే ముందు కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. లాప్‌టాప్ దేశం దాటించడానికి ఒప్పుకోని కంపెనీలు ఉన్నాయి, అక్కడికెళ్ళాక లాగిన్ ఆగిపోతే ఏమీ చేయలేరు. నాకు వచ్చింది 30 రోజుల ఈ-వీసా, అందుకే రెండుసార్లూ నెలలోపే తిరిగొచ్చాను. దోహా మీదుగా కాసాబ్లాంకా, అక్కడి నుంచి రైల్లో నాలుగు గంటలు. మన యూపీఐ నడవదు, పాతనగరంలో కార్డు తీసుకునేవాళ్ళు తక్కువ, నగదు ఉంచుకోండి. దిర్హామ్‌లు ఇక్కడికొచ్చాక మారవు, మిగిలినవి ఎయిర్‌పోర్ట్‌లోనే మార్చేయండి.

తేదీలు ఇంకా అనుకోలేదంటున్నారు కదా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం వద్దు. ముంగిలి పైకప్పు లేని ఇల్లు, పలకల నేల, తెల్లవారుజామున ఐదింటికి కూర్చుని పని. వేళ్ళు కొంకర్లు పోతాయి. గదిలో పెట్టే గ్యాస్ హీటర్‌ను తలుపు మూసి వాడటం ప్రమాదం. జులై, ఆగస్టుల్లో ఎండ మన కోస్తా మే నెలలా ఉంటుంది. ఏప్రిల్ గానీ అక్టోబరు గానీ చూసుకోండి. ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఖాల్తి ఇంట్లో గది ఖాళీగా ఉందేమో కనుక్కుని చెబుతాను.