యాప్ కిరాయిల లెక్క: కమీషన్ మేలా, పాస్ మేలా?

ప్రశ్న: సొంత ఆటో నడుపుతున్నాను. ఇన్నాళ్లూ కమీషన్ పట్టుకునే యాప్‌లో ఉన్నాను. రోజుకింత కట్టి పాస్ తీసుకుంటే కిరాయంతా మీదేనని ఇంకో యాప్ వాళ్లు అంటున్నారు. మారమంటారా? – ఆటో డ్రైవర్, ఉప్పల్

జవాబు: ముందు ఒక లెక్క వేసుకోండి. పాస్ రోజుకు 60 రూపాయలు, పాత యాప్ కోత 20 శాతం అనుకుందాం. అరవైని 0.20తో భాగిస్తే 300. పాస్ యాప్‌లో రోజుకు 300 రూపాయల కిరాయి దాటితేనే పాస్ గిట్టుబాటవుతుంది. 1,200 వచ్చిన రోజు కమీషన్ 240 పోయేది, పాస్‌కు 60తో సరి. గిరాకీ లేక 200తో ఇల్లు చేరిన రోజు కమీషన్ 40 పోయేది, పాస్‌కు మాత్రం అదే 60.

చాలామంది దెబ్బతినేది రెండు మూడు పాస్‌లు కొన్నప్పుడే. ఒక్కో పాస్‌కూ విడిగా 300 గిరాకీ రావాలి. మీకు ఎక్కువ రైడ్‌లు ఇచ్చే యాప్‌లో పాస్ తీసుకుని, కమీషన్ యాప్‌ను వెనక ఉంచుకోండి. రైడ్ రాకపోతే దానికి పైసా కట్టక్కర్లేదు. పాస్ 24 గంటలు నడుస్తుందా, అర్ధరాత్రికే ముగుస్తుందా అన్నది కొనేముందే చూడండి. సాయంత్రం ఆరింటికి బండి తీసేవాళ్లకు ఈ తేడా పెద్దది.

రైడ్ ఒప్పుకునేముందు ఖాళీగా వెళ్లే దూరం కూడా కలపండి. 5 కిలోమీటర్లకు 120 అంటే కిలోమీటరుకు 24 అనిపిస్తుంది. ఎక్కించుకోవడానికే 3 కిలోమీటర్లు పోవాలంటే కిలోమీటరుకు మిగిలేది 15, అందులోనే గ్యాస్ ఖర్చు. 2022లో బెంగళూరులో నమ్మ యాత్రి అనే ఆటో యాప్ కమీషన్ లేకుండా మొదలయ్యాక ర్యాపిడో, ఆపైన 2025లో ఉబర్ ఆటోలు, ఓలా ఈ దారి పట్టాయి. ఒకే ఫోన్‌లో అన్ని యాప్‌లూ పెట్టుకున్న డ్రైవర్ తమ రైడే ఎత్తాలన్నది వాళ్ల పోటీ. బేరం మీ చేతిలో ఉందని మరవకండి.

ప్రశ్న: ఒకే దారికి మూడు యాప్‌లు మూడు ధరలు చూపిస్తాయి. చవకైన దాంట్లో బండి దొరకదు. ఎందుకు? – ఉద్యోగిని, మియాపూర్

జవాబు: ఏ యాప్ అయినా తన దగ్గర ఖాళీగా ఉన్న బండ్లనూ, తనకొచ్చిన బుకింగ్‌లనూ చూసే ధర కడుతుంది. పక్క యాప్‌లో ఎక్కువ వస్తుంటే డ్రైవర్ మీ తక్కువ ధరను ఎందుకు ఎత్తుతాడు? వాన వెలిసిన తొలి పది నిమిషాలు ఆగండి. మెట్రో మెట్ల దగ్గర కాకుండా రెండు వందల మీటర్లు నడిచి, రోడ్డుకు అవతలి వైపు, మీరు వెళ్లే దిక్కున ఎక్కేచోటు పెట్టి చూడండి. యూటర్న్ తప్పితే కిరాయీ తగ్గవచ్చు.

2025 జులైలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం రద్దీ ధర మూల కిరాయికి రెండింతలు దాటకూడదు, సగానికి తగ్గకూడదు. 2020 నాటి పరిమితి ఒకటిన్నర రెట్లే. అయితే మూల కిరాయిని నిర్ణయించాల్సింది రాష్ట్రం. సరైన కారణం లేకుండా రైడ్ రద్దు చేస్తే జరిమానా కిరాయిలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు. ఇది డ్రైవర్‌కూ ప్రయాణికుడికీ వర్తిస్తుంది.

ప్రశ్న: ఖరీదైన ఫోన్‌కు ఎక్కువ ధర వేస్తారట, నిజమేనా? – విద్యార్థి, విజయవాడ

జవాబు: ఈ ఆరోపణపై 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఉబర్‌లకు నోటీసులిచ్చింది. అలా చేయడం లేదని రెండూ చెప్పాయి. మీరే పోల్చాలంటే రెండు ఫోన్‌లలో ఎక్కేచోటు అంగుళం తేడా లేకుండా పెట్టి, ఒకే నిమిషంలో చూడండి. కూపన్‌లు తీసేసిన ధరనే పోల్చండి. కొత్త ఖాతాకు ఇచ్చే తగ్గింపే చాలాసార్లు ఫోన్ తేడాలా కనిపిస్తుంది.