ఇరవై ఐదు మాటల ఉత్తరం

అమ్మాయీ,

నీ కథ రాత్రి రెండుసార్లు చదివాను. రైలు కదలగానే ఎనిమిదేళ్ల పిల్ల "యుద్ధం మా కుటుంబాన్ని ముక్కలు చేసింది" అనుకుంటుంది. ఆ మాట నీది, దానిది కాదు. పైగా అప్పటికి యుద్ధం ఇంకా మొదలే కాలేదు కదా!

1938 డిసెంబరు నుంచి రెండో ప్రపంచ యుద్ధం వచ్చేదాకా దాదాపు 10,000 మంది పిల్లలు, ఎక్కువగా యూదుల పిల్లలు, జర్మనీ, ఆస్ట్రియా, చెకొస్లొవేకియాల నుంచి నాజీల బారి నుంచి తప్పించుకుని, అమ్మానాన్నలు లేకుండా బ్రిటన్ చేరారు. ఇదంతా మొదటి పేజీలోనే ఏకరువు పెట్టేశావు. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు అనిపించింది, ఏమనుకోకు. "మేమూ వెనకే వస్తాం" అని చెప్పి పిల్లల్ని రైలెక్కించినవాళ్లున్నారు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవడంతో ఆ దారి మూసుకుపోయింది. నీ కథ అక్కడుంది.

పిల్ల దగ్గర ఏమున్నాయి? చిన్న పెట్టె, మెడలో నంబరు చీటీ, 10 జర్మన్ మార్కుల డబ్బు. వాటి దగ్గర కాసేపు ఆగు. చీటీ దారం మెడకి ఒరుసుకుంటోందా? నంబరు తిరగబడితే సరిచేసుకుంటోందా? అమ్మ గౌను కింద మడత ఎక్కువ పెట్టి కుట్టిందనుకో, పొడుగైతే విప్పుకోవచ్చని. నాలుగు వేళ్ల మడత. అంటే ఎన్నాళ్ల ఎడబాటుకి కుట్టినట్టు? పిల్లకి ఆ లెక్క తెలీదు, గౌను బరువుగా ఉందని విసుక్కుంటుంది. రెండేళ్ల తర్వాత పరాయి ఇంట్లో ఎవరో ఆవిడ కత్తెరతో ఆ కుట్లు విప్పుతుంటే చూస్తుంది. ఏడిపించకు. లోపల దాగిన గుడ్డ రంగు వెలవలేదని చూపించు, చాలు. నా మొదటి కథల్లో ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉండేవారు. ఇప్పుడు చదవాలంటే నాకే సిగ్గు.

ఇంకోటి. యుద్ధం మధ్యలో అమ్మ రాసిన ఉత్తరం పేజీన్నర ఉంది. కుదరదు. మామూలు పోస్టు ఆగిపోయింది. రెడ్‌క్రాస్ ఫారం మీద 25 మాటల వరకే రాయాలి, అదీ ఇంటి సంగతులే. నేనూ రాసి చూశాను. "మేం క్షేమం, నువ్వు బాగా తింటున్నావా, చలికి కోటు వేసుకుంటున్నావా" అనేసరికి ఎనిమిది మాటలు అయిపోయాయి.

చివర్లో స్టేషన్లో కౌగిలింత తీసెయ్. ఆ పిల్లల్లో చాలామంది అమ్మానాన్నల్ని మళ్లీ చూడనేలేదు. కలిసినవాళ్లలోనూ కొందరికి అప్పటికి జర్మన్ మరుపున పడింది. ఎదురుగా అమ్మ ఉంది, మాట్లాడదామంటే భాష లేదు. కౌగిలింత కన్నా అది రాయడం కష్టం.

కథంతా ఇప్పుడే తిరగరాయకు. ముందు ఆ 25 మాటల ఉత్తరం రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు