బుజ్జమ్మా, పండగ ముందు రోజు మాత్రం పస్తుండొద్దు

బుజ్జమ్మకి, పెద్దమ్మ వందనాలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది, అందులో ఇరవై నిమిషాలు నీ గురించే. మొన్న టెస్టుల్లో నీకు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చిందంట కదా, ఇది ఇంకా షుగర్ కాదు గానీ అంచు మీద ఉన్నావు, మాత్రలు ఇప్పుడే వద్దు, మూడు నెలలు తిండి సరిచేసుకుని రా అన్నాడంట డాక్టరు. వినగానే గుండె జారింది, ఇంత చిన్న వయసులో ఈ పిల్లకేంటి అని. తర్వాత మీ అమ్మ ఈసారి క్రిస్మస్ పండగకి ఇంటికొచ్చినా డిసెంబరు నెలంతా స్వీటు జోలికి పోను, 25 ఒక్కరోజే తింటా అన్నావని చెప్తే మాత్రం కళ్ళు చెమర్చాయి. మన ఇంట్లో ముదరకముందు మేలుకున్నవాళ్ళు ఒక్కరున్నారా చెప్పు? మీ తాతయ్యకి కాలి వేలు తీసేదాకా పట్టించుకోలేదు, నేనైతే చూపు మసకబారేదాకా టెస్టుకే పోలేదు. నువ్వు గట్టు మీదే ఆగావు, అదేం చిన్న సంగతి కాదు. సిగ్గుపడాల్సింది కూడా లేదు, 2023లో కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ళు చెప్పిన లెక్కలో మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు, నీలాగా అంచు మీద ఉన్నవాళ్ళు 13 కోట్ల పైమాట.

అంతా బాగానే ఉంది గానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. 24న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమీ తినవంట, ఆ మిగిలిన లెక్కంతా 25న కేకుకి బిర్యానీకి సర్దుకుంటావంట, దానికోసం ఫోన్లో ఏదో ఫాస్టింగ్ యాప్ కూడా పెట్టుకున్నావంట. అక్కడ నాకు నిద్ర ఎగిరిపోయింది. రెండింటికి లేచి కూర్చుని ఇది మొదలుపెట్టా.

నీళ్ళు తాగు, వేళకి పడుకో, పొద్దున నడు. ఇవి నీకు తెలిసినవే, వాటి గురించి రాయను. 24 గురించే రాస్తా.

2004లో సంగతి. సునామీ వచ్చిన ఏడు. ఒంగోల్లో ఎవర్నడిగినా ఆ ఏడాది పండగంటే ఆదివారం పొద్దున సముద్రం మీదకొచ్చిందనే చెప్తారు, నాకు మాత్రం దానికి రెండ్రోజుల ముందు శుక్రవారం రాత్రే గుర్తుంటది. అప్పటికి నాకు షుగర్ బయటపడి ఏడాది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గ్లిమిపిరైడ్ మాత్ర. తినే ముందు వేసుకో, వేసుకున్నాక తప్పకుండా తిను అని చీటీ మీద రాసి మరీ చెప్పారు, నేను మొదటి సగమే విన్నా.

ఆ రోజు పొద్దున నేను కూడా నీలాగే లెక్కేసుకున్నా. ఇవాళ నోరు కట్టుకుంటే రేపు అందరితో పాటు హాయిగా తినొచ్చు అని. మాత్ర వేసుకుని చక్కెర లేని టీ తాగి పొయ్యి దగ్గర కూర్చున్నా. ఐదు కిలోల బియ్యం తడిపిండి, బెల్లం పాకం, చలిమిడి ఆరిపోకుండా తట్టాలి, మీ అమ్మ అరటాకు మీద తడుతుంటే నేను నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కేదాన్ని. మధ్యాహ్నం దాటింది, అమ్మమ్మ రెండుసార్లు పిలిచింది అన్నానికి. నేను ప్రార్థనలో ఉన్నానమ్మా అన్నా. అబద్ధం. ప్రార్థనా లేదు ఏమీ లేదు, రేపటి తిండి కోసం ఇవాళ పస్తు, అంతే. సాయంత్రం ఏడింటికి రెండో మాత్ర కూడా వేసేసుకున్నా, రేపు ఎటూ బాగా తింటా కదా, ముందుగానే లోపల ఉంటే మంచిదిలే అని. చూడు ఎంత తెలివో. ఆ మాత్ర నువ్వు తిన్నావా లేదా అని చూడదు, దాని పని అది చేసుకుపోతది, రక్తంలో ఉన్న చక్కెరని దించుతూనే ఉంటది.

రాత్రి ఆరాధనకి పోయాం. నీకప్పుడు ఆరేళ్ళు, గులాబీ రంగు నెట్ ఫ్రాకు, కొత్తది, కూర్చుంటే చుట్టూ గొడుగులా నిలబడేది. నా ఒళ్ళోనే కూర్చుంటానని మారాం చేశావు. లైట్లు తీసేశారు, ముందు వరసలోంచి ఒకళ్ళ కొవ్వొత్తితో ఒకళ్ళు వెలిగించుకుంటా వస్తున్నారు, పాట ఎత్తుకున్నారు. నాకేమో చెమటలు. డిసెంబరు చలిలో జాకెట్టు వీపంతా తడిసిపోయింది, పెదాలు తిమ్మిరెక్కాయి, పాటల పుస్తకంలో అక్షరాలు ఈదుతున్నాయి. అలసట అనుకున్నా. పెద్దమ్మా నాకూ పట్టుకోనియ్ అని నువ్వు చెయ్యి చాపావు, నాకెందుకో ఒళ్ళు మండిపోయి నీ చెయ్యి నెట్టేశా. ఆ నెట్టడంలో కొవ్వొత్తి వంగింది, మైనం నీ మణికట్టు మీద పడింది, ఆ వెంటే కొవ్వొత్తి కూడా నీ ఒళ్ళో పడింది. నెట్ బట్ట భగ్గుమనలేదు తల్లీ, ముడుచుకుపోతా కరుగుతా పోయింది, ఎర్రటి అంచు గుండ్రంగా పెద్దదవుతా ఉంది. వెనకాల కూర్చున్న ఒకాయన భుజం మీది కండువా వేసి రెండు చేతులతో అదిమేశాడు. లేకపోతే.

నువ్వు కేకలు పెట్టి ఏడుస్తున్నావు. నాకు వినపడుతూనే ఉంది. ఎందుకు ఏడుస్తున్నావో మాత్రం తలకెక్కలేదు, అలా చూస్తా కూర్చున్నా. బుజ్జమ్మా, ఇన్నేళ్ళయినా నన్ను నిద్రపోనివ్వనిది మంట కాదు, ఆ చూస్తా కూర్చోవడం.

ఎవరో కళ్ళు తిరిగాయనుకుని నా నోట్లో కేకు ముక్క పెట్టబోయారు. మన సంఘంలో ఒక నర్సమ్మ ఉండేది, ఆమె పరిగెత్తుకొచ్చి కేకొద్దు, అందులో నెయ్యీ వెన్నా ఉంటయ్, చక్కెర తొందరగా ఒంటికెక్కదు అని టీ కాసే దగ్గరికి పోయి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తెచ్చి తాగించింది. పావుగంట నా చెయ్యి పట్టుకుని కూర్చుని మళ్ళీ ఇంకో మూడు చెంచాలు తాగించింది. అప్పుడొచ్చింది నాకు లోకం. తర్వాత నర్సింగ్ హోములో చూస్తే 58, అదీ పంచదార తాగాక. 70 కిందికి దిగితేనే ప్రమాదం అన్నారు. అదిగాక ఇంటికొచ్చాక తెల్లవారుజామున ఆకలికి ఆగలేక నిలబడే ఆరు అరిసెలు తినేశా, దాని మీద కేకు, మధ్యాహ్నానికి 300 దాటింది. ఒకే పస్తు, పన్నెండు గంటల్లో అటు పాతాళానికీ ఇటు ఆకాశానికీ తిప్పింది.

ఇంట్లో అందరికీ ఏం చెప్పామో తెలుసా, పెద్దమ్మ అరిసెలు చేసి అలిసిపోయి కునుకు తీసింది, కొవ్వొత్తి జారింది అని. నీకూ అదే చెప్పారు. నేను కాదనలేదు. నీ కుడి మణికట్టు మీద చింతగింజంత మచ్చ ఉందే, నీ పెళ్ళిచూపులప్పుడు గాజులు దాని మీదకి లాక్కున్నావే, అది నేను ఒక రోజు అన్నం మానేసినందుకు వచ్చింది. ఇవాళ చెప్పేశాను. నువ్వేమైనా అనుకో.

నువ్వు మాత్రలు వేసుకోవట్లేదు కాబట్టి నాకు జరిగింది నీకు జరగదు, ఆ మాట నాకూ తెలుసు. కానీ అమ్మమ్మ వేసుకుంటది. అదే మాత్ర. 79 ఏళ్ళ మనిషి, మనవరాలు పస్తుంటే తను ముద్ద దించదు, బిడ్డతో పాటు నేనూ ఉపవాసం అని కూర్చుంటది, మాత్ర మాత్రం మానదు, ఎవరికీ చెప్పదు. మనింట్లో ఒకళ్ళ పస్తు ఒకళ్ళతో ఆగదే. అందుకని 24న నువ్వు అమ్మమ్మ పక్కన కూర్చుని వేళకి తిను. పొద్దున ఒక పెసరట్టు, గుడ్డు. మధ్యాహ్నం రోజూ తినేంత అన్నం, పప్పు, కూర ఎక్కువ. రాత్రి గుడికి పోయేముందు ఏదన్నా తేలిగ్గా. కడుపు నిండి ఉన్నవాళ్ళకి కేకు ఎదురుగా ఉన్నా ఒక ముక్కతో చాలనిపిస్తది, పస్తున్నవాళ్ళకి పళ్ళెం ఖాళీ అయ్యేదాకా కనపడదు. ఆ యాప్ పండగ దాటాక పెట్టుకో, అదీ డాక్టర్నడిగి.

ఇక వద్దు అనడం గురించి. మన ఇళ్ళల్లో వద్దు అంటే ఎందుకు మొహాలు మాడ్చుకుంటారో నీకు తెలియాలి. 1876-78 కరువులో మన జనం చెట్ల ఆకులు ఉడకేసుకుని తిన్నారు, మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుంటే తట్టా పారా పట్టుకుపోయి మట్టి మోసి ఆ కూలితో బతికారు. మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ అలా మోసిన మనిషంట. ఆ ఆకలి నాలుగు తరాలైనా పోలేదు, పళ్ళెం నిండా పెడితేనే ప్రేమ మనకి. అందుకని డైట్‌లో ఉన్నా అనొద్దు, ఆ మాట పెట్టే చెయ్యిని తోసేసినట్టు ఉంటది. పళ్ళెం రెండు చేతులా తీసుకో, ఒక జంతిక నోట్లో వేసుకో, మిగతావి ఇంటికి తీసుకెళ్తా ఆంటీ, అమ్మ కూడా తింటది అను. ఎవరూ ఏమీ అనరు. ఒక జిప్ కవర్ బ్యాగులో పెట్టుకో.

క్యారల్స్‌కి పోతావు కదా, అక్కడ మోసం కేకుది కాదు, టీది. పన్నెండిళ్ళు తిరిగితే పన్నెండు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలనుకో, నువ్వే కూడుకో. రోజుకి 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాల చక్కెర చాలని డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళంటారు. మొదటి ఇంట్లో టీ తాగు, తర్వాత ఇళ్ళల్లో వేడినీళ్ళడుగు, పాడేవాళ్ళకి గొంతు కోసం అంటే సంతోషంగా ఇస్తారు.

బెల్లమే కదా, బెల్లానికి ఏం కాదు అని అమ్మమ్మ అంటది, వినొద్దు. బెల్లం కూడా చక్కెరే, రంగు మారిందంతే. అలాగే షుగర్ ఫ్రీ అని బేకరీలో రాసిన కేకు తేవొద్దు, మైదా ఎక్కడికి పోతది? తినేదేదో అసలైనది ఒక్కటి తిను. నీకు చిన్నప్పట్నుంచి పొయ్యి మీంచి దించిన వేడి అరిసె ఇష్టం, నువ్వులు పళ్ళకింద పడుతుంటే కళ్ళు మూసుకునేదానివి. అది తిను, కూర్చుని, మెల్లగా. నెలంతా ముట్టను అన్న ఒట్టు అక్కడికి తీసి గట్టున పెట్టు. సెమీ క్రిస్మస్‌ల్లో పేపరు ప్లేట్లలో పంచే ఎండిపోయిన కేకు ముక్క నీకు చిన్నప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడెందుకు దానికోసం కష్టపడి ఆగడం, పక్కన పెట్టెయ్.

25 మధ్యాహ్నం ముందు కీరా ఉల్లిపాయ పెరుగుచట్నీ, తర్వాత చికెన్ ముక్కలు, ఆఖర్న బిర్యానీ అన్నం, ఒక్కసారే వడ్డించుకో. తిని పడుకోవద్దు. పక్కిళ్ళకి స్వీట్ల పళ్ళేలు ఇచ్చే పని నీది, బండి తియ్యకుండా నడిచిపో, వెనక వీధి దాకా పోయొస్తే నీ నడకా అయిపోద్ది. 26 సాయంత్రానికి డబ్బాలు ఖాళీ కావాలి, మిగిలింది పనమ్మాయి పిల్లలకీ వాచ్‌మన్ వాళ్ళింటికీ ఇచ్చెయ్, నువ్వు హైదరాబాద్‌కి డబ్బా మోసుకుపోవద్దు. మీ అమ్మ బ్యాగులో దూరుస్తది, స్టేషన్లో ఒకసారి చూసుకో.

ఒకరోజు తప్పి నాలుగు ముక్కలు తిన్నావనుకో, మర్నాడు దానికి పస్తుతో చెల్లు కట్టొద్దు. మర్నాడు ఇడ్లీ తిను, అంతే. కోపం తెచ్చుకోకు నీమీద నువ్వు.

నేను 22నే అమ్మమ్మ దగ్గరికి పోతున్నా. 23 మధ్యాహ్నం పాకం పెడతాం, ఈసారి రెండు కిలోలే. నీ ట్రైను మూడింటికి కదా, దిగి నేరుగా వంటింట్లోకి రా, మొదటి వాయిలో నీకొకటి తీసి పెడతా. నా గ్లూకోమీటర్‌కి స్ట్రిప్స్ అయిపోయాయి, ఒక పాతిక తీసుకురా, అమ్మమ్మకి 24న మూడు పూటలా మనిద్దరం చూద్దాం. మచ్చ సంగతి మీ అమ్మకి నేనే చెప్తాలే, నువ్వు చెప్పకు.

మీ పెద్దమ్మ