ఒక్కరే నడిపే బడుల టీచర్లకు శిక్షణ సామగ్రి: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొండ గ్రామాల్లో ఒక్కరే నడిపే ప్రాథమిక బడుల టీచర్ల కోసం, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల శిక్షణ సామగ్రి తెలుగులో చేయాలనుకుంటున్నామని రాశారు. వీడియో కోర్సు తీయాలా, పుస్తకం వేయాలా, యాప్ చేయించాలా అని అడిగారు. పాడేరు ఏజెన్సీలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా, చాలా ఏళ్లు పనిచేశాను. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో తోటి టీచర్లతో కూర్చుని ఇలాంటివి తయారుచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: వీడియోనా పుస్తకమా అన్నది ఆఖర్న తేల్చుకోవచ్చు. ఏ టీచరు ఏ పూట పడే ఏ ఇబ్బంది తీర్చాలన్నది ముందు తేల్చుకోండి.

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లుండాలి. ఒకరు సెలవు పెట్టినా, డిప్యుటేషన్ మీద వెళ్లినా మిగిలేది ఒక్కరే. ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలు, మధ్యలో మధ్యాహ్న భోజనం, ఫోన్లో హాజరు, ఫొటోలు. శిక్షణ తరగతుల్లో మాత్రం మూడో తరగతి పాఠాన్ని మూడో తరగతి పిల్లలే ఉన్నట్టుగా 40 నిమిషాలు చెప్పి చూపిస్తారు. ఆ 40 నిమిషాలూ మిగతా నాలుగు తరగతులు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఆ టీచరుకి కావలసింది సరిగ్గా అదే. దానికి తోడు ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో మాట్లాడేది కువి కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మన దగ్గర 2004 ప్రాంతంలోనే మొదలైంది. అయినా పిల్లల భాష రాని టీచరు మొదటి నెల ఎలా గడపాలో చెప్పే కాగితం చేతికందడం ఇప్పటికీ అరుదే.

అందుకని ముందు ప్రశ్నలు పోగుచేయండి. "మీకే శిక్షణ కావాలి?" అని అడిగితే టీఎల్‌ఎం (బోధన సామగ్రి) అనో, ఇంగ్లీషు అనో, అలవాటైన జవాబే వస్తుంది. "నిన్న పదకొండు గంటలకి మీ గదిలో ఏ తరగతి ఏం చేస్తోంది?" అని అడగండి. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు లేచి బయటికి పోతున్నారని ఒకరంటారు. జ్వరంతో నెల రోజులు రాని పిల్లను మళ్లీ ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియడం లేదని ఇంకొకరు. అక్షరాలన్నీ గుర్తుపట్టే పిల్లాడు గుణింతం రాగానే ఆగిపోతున్నాడని మరొకరు. మా వైపు ఈ మాటలు దొరికేది సంతరోజు టీకొట్టు దగ్గర. సమావేశంలో నోరు విప్పనివాళ్లు కూడా అక్కడ మాట్లాడతారు.

ఇలాంటి పని మన నేల మీద ఇంతకుముందే జరిగింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో నడిపిన చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు చేశారు. ప్రతి కార్డు మీదా ఒక గుర్తు, ఒక అంకె ఉంటాయి. గోడ మీద నిచ్చెన పటం చూసుకుని, తాను ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లే తెలుసుకుని కార్డు తెచ్చుకుంటుంది. కొందరికి టీచరు సాయం, కొందరికి తోటి పిల్లల సాయం, కొందరు సొంతంగా. 1995లో మైసూరు జిల్లా హెచ్‌డీ కోటెలో మొదలైన నలి-కలి అనే బోధన పద్ధతికి ఇదే దారి చూపింది. తర్వాత తమిళనాడుకీ చేరింది. నేను మరీ మెచ్చుకునేది కన్నడ టీచర్లు చేసిన పనిని. వాళ్లు కార్డుల్ని ఉన్నవున్నట్టు తీసుకోలేదు, తమ పాటలతో, తమ పొడుపుకథలతో కూర్చుని తిరగరాసుకున్నారు. మీ సామగ్రి అలా తిరగరాసుకోవడానికి అనువుగా ఉండాలి.

ఇక రూపం. ఒక ఇబ్బందికి ఒక కాగితం, అటూ ఇటూ కలిపి రెండు పేజీలు దాటకూడదు. ఒక ఉదాహరణ చెబుతాను. 305 లోంచి 148 తీసేయమంటే చాలామంది పిల్లలు 243 వేస్తారు. ఐదులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి ఐదు తీస్తారు, సున్నాలోంచి నాలుగు పోదు కాబట్టి నాలుగే రాస్తారు. అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదిది, పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని వాళ్లు పట్టుకున్న నియమం. కాగితం మొదట ఆ 243నే చూపించాలి, దాని వెనక పిల్లల ఆలోచన చెప్పాలి. తర్వాత చేయాల్సిన పని: పుల్లల కట్టలు తెచ్చి, ఒక వంద కట్ట విప్పి పది పదులు చేయడం, అందులో ఒక పది విప్పి పది పుల్లలు చేయడం. ఇప్పుడు పిల్లల ముందు రెండు వందలు, తొమ్మిది పదులు, పదిహేను ఒకట్లు ఉంటాయి. 157 వాళ్ల చేతుల్లోంచే వస్తుంది. ఆ పక్కనే, ఈ పని జరుగుతున్నంతసేపూ ఒకటీ రెండూ తరగతులు అవే పుల్లల్ని పదేసి కట్టలు కట్టాలని రాయాలి. ఈ ఆఖరి వాక్యం లేకపోతే ఆ కాగితం ఒంటరి టీచరుకి పనికిరాదు. చివర నాలుగు గీతల ఖాళీ వదలండి, తన గదిలో ఏం జరిగిందో టీచరు రాసుకోవడానికి.

ఆఫ్రికా దేశాల విద్యాసంస్థలు, బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 2005లో మొదలుపెట్టిన టెస్సా అనే టీచర్ల శిక్షణ సామగ్రి చూడండి. ప్రతి భాగంలోనూ ఒక టీచరు చేసిన పని కథలా ఉంటుంది, వెంటనే మీరు చేసి చూడాల్సిన పని ఉంటుంది. సిద్ధాంతం తక్కువ. దేశానికి తగ్గట్టు మార్చిన ప్రతులున్నాయి. అదే దారిలో మన దేశంలో వచ్చిన టెస్-ఇండియా సామగ్రి క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్‌ఏ లైసెన్సుతో ఉంది. దాన్ని తెలుగు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మూలం పేరు చెప్పి, మీ తెలుగునూ అదే లైసెన్సుతో ఇస్తే చాలు. పిల్లల కథలకైతే స్టోరీవీవర్ అనే ఉచిత కథల సైటులో బొమ్మలతో సహా తెలుగులోనే దొరుకుతాయి.

లైసెన్సు రాసినంత మాత్రాన సామగ్రి అందరూ మార్చుకోగలిగేది అయిపోదు, దయచేసి దీన్ని చిన్నవిషయం అనుకోవద్దు. మన దగ్గర ఎంతో మంచి శిక్షణ మాడ్యూళ్లు అను అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపై పీడీఎఫ్‌లుగా మిగిలిపోయాయి. వాటిలో మాట వెతకలేం, ఒక్క వాక్యం మార్చలేం, మళ్లీ మొత్తం కొట్టుకోవాల్సిందే. మొదటి రోజు నుంచీ, ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోనే రాయండి. మండలి, గిడుగు, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛగా దొరుకుతాయి. పీడీఎఫ్ పక్కనే మార్చుకోవడానికి వీలైన ఫైలు కూడా పెట్టండి. నెట్‌లో దొరికిన బొమ్మ అతికించొద్దు, ఆ ఒక్క బొమ్మ వల్ల మొత్తం కాగితం ఇంకెవరూ పంచుకోలేనిదవుతుంది. పిల్లల ముఖాలు కనబడే ఫొటోలు తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే వాడండి. చేతులు, పలకలు, పుల్లలు కనబడితే సాధారణంగా సరిపోతుంది.

వీడియో చూస్తేగానీ తెలియని పనులు కొన్ని ఉంటాయి. ఐదు తరగతుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి టీచరు ఎలా కదులుతారో అలాంటిదొకటి. దానికి నిజమైన గదిలో ఫోన్‌తో తీసిన రెండు మూడు నిమిషాలు చాలు. మిగతావాటికి టీచరు గొంతుతో చిన్న ఆడియో మేలు. సంతకి దిగినప్పుడు సిగ్నల్ దొరుకుతుంది, వాట్సాప్‌లో దిగిపోతుంది. సిగ్నలే లేని చోట మెమరీ కార్డుతో ఇవ్వొచ్చు. నాలుగైదు ట్యాబ్‌లున్న బడిలో కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. అచ్చు కాపీ మాత్రం తప్పనిసరి. లామినేట్ చేయించండి, మా వైపు వానకి మామూలు కాగితం ఆగదు.

ఇన్ని చేసినా, ఫోన్ ఎత్తి మాట్లాడే మనిషి లేకపోతే ఈ సామగ్రి నిలబడదు. ఇదే నేను గట్టిగా నమ్మేది. ఆన్‌లైన్ కోర్సులో వీడియో దానంతటది నడుస్తుంటుంది, సర్టిఫికెట్ వస్తుంది, మర్నాటి గది మాత్రం మారదు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద టీచర్ సెంటర్లు పెట్టారు, టీచర్లు కలుసుకుని తాము చేసినవి ఒకరికొకరు చూపించుకునేవారు. ఆ పద్ధతిని చిన్నగా మళ్లీ తేవచ్చు. పక్కపక్క ఊళ్ల ఇద్దరు టీచర్లని జంటగా పెట్టండి, ఇద్దరూ ఒకే వారం ఒకే కాగితం చేసి చూడాలి. అనుభవమున్న ఒక టీచరు వారానికోసారి ఇద్దరితోనూ ఫోన్లో మాట్లాడాలి. తనిఖీ చేసే అధికారి ఆ పని చేయకూడదు, ఎందుకంటే ఆయనకి ఇబ్బందులు చెప్పరు, అంతా బాగుందనే చెబుతారు. ఆ ఖాళీ గీతల్లో రాసినవి పోగుచేసి కాగితం మార్చండి. కింద మార్చిన నెల, సంవత్సరం వేయండి, రాసినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు కూడా. తన మాట అచ్చులో చూసుకున్న టీచరు ఎవరూ అడక్కుండానే రెండో కాగితం రాసి పంపిస్తారు, ఇది నేను చూశాను.

ఈ ఏడాదికి ఒక్క అంశం తీసుకోండి, తీసివేతో గుణింతాలో. మీ జిల్లా ఏదో, మీ పిల్లల ఇంటి భాష ఏదో రాయండి. పిల్లల ఇంటి భాషలో మొదటి నెలకి కావలసిన మాటల పట్టిక, తీసివేత కాగితం ముసాయిదా మీరు మార్చుకోగలిగే ఫైళ్లుగానే పంపుతాను.