జనవరిలో టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ నుంచి సముద్రం లోపలికి చేపల వేటకు వెళ్ళొచ్చా?

వాతావరణ సూచనలో శనివారం 75 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆదివారం 48 చూపిస్తోంది, ఇండియా నుంచి వచ్చిన బావమరుదులను శనివారం తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. వెళ్ళొచ్చు, కానీ ఆ శనివారం మాత్రం వద్దు.

మీకు బాగుందనిపిస్తున్న ఆ రోజు మీదే నాకు అనుమానం. ఇక్కడ చలికాలంలో ఉన్నట్టుండి వెచ్చబడి, ఆగ్నేయం నుంచి తేమగాలి వీస్తోందంటే చాలాసార్లు వెనకాలే ఉత్తరం నుంచి కోల్డ్ ఫ్రంట్, అంటే వెచ్చటి గాలిని నెట్టుకుంటూ వచ్చే చల్లగాలి, దిగుతుంది. పైగా ఆ తేమగాలి చల్లటి నీళ్ళ మీదికి రాగానే పొగమంచు. పెద్ద ఓడలు తిరిగే గాల్వెస్టన్ రేవు ముందు అదో టెన్షన్.

నాలుగేళ్ళ కిందట మేమూ ఇలాంటి శనివారమే వెళ్ళాం. స్నేహితుడి 24 అడుగుల బోటు, నలుగురం, ఒడ్డుకు 30 మైళ్ళ దూరం. ఫ్రంట్ సాయంత్రానికి అన్నారు, ఒంటిగంటకే వచ్చేసింది. ముందు గాలి పూర్తిగా పడిపోయింది. రెడ్ స్నాపర్లు ఎగబడి ఎరలు మింగుతున్నాయి, ఎవరికీ కదలబుద్ధి కాలేదు. (అంత దూరంలో ఆ సీజన్‌లో పట్టినా వదిలేయాల్సినవే. వాటి కోసం!) ఉత్తరాన గీత గీసినట్టు నల్లమబ్బు కనిపించిన ఇరవై నిమిషాలకే మీద పడింది. వెళ్ళడానికి గంటంపావు పట్టింది, ఎదురుగాలిలో రావడానికి నాలుగు గంటలు. టీషర్టుల్లో తడిసి వణికాం. మా తమ్ముడు ఇప్పటికీ నాతో చెరువుగట్టుకు కూడా రాడు.

అక్కడ ఒడ్డు నుంచి చాలా దూరం పోయినా లోతు తక్కువే. గాలి లేచిందంటే అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. కాబట్టి ఎత్తు ఒక్కటే చూడకండి, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడండి. 4 అడుగుల అల 9 సెకన్లకొకటి వస్తే ఊయల, 4 సెకన్లకొకటి వస్తే గతుకుల రోడ్డు మీద ఆటో. గాల్వెస్టన్‌కు తూర్పున 22 నాటికల్ మైళ్ళలో ఉన్న 42035 నంబరు బోయ్ (నీళ్ళ మీద తేలుతూ గాలినీ అలలనూ కొలిచే పరికరం) లెక్కల్లో రెండూ ఉంటాయి. ఉత్తరగాలి నేల మీంచి వీస్తుంది కాబట్టి బీచ్ దగ్గర నీళ్ళు నిమ్మళంగానే కనిపిస్తాయి. అది చూసి మోసపోవద్దు.

ఫ్రంట్ దాటి, ఉత్తరగాలి తగ్గాక, ఆగ్నేయం గాలి మళ్ళీ పుంజుకునేలోపు ఒక రోజు, అదృష్టముంటే రెండు రోజులు సముద్రం సర్దుకుంటుంది. చలిగా ఉంటుంది, కానీ వేటకు అదే అదను. మీ లెక్కన సోమవారమో మంగళవారమో కావచ్చు. అందుకే చార్టర్ వాళ్ళతో (కెప్టెన్‌తో సహా బోటు అద్దెకిచ్చేవాళ్ళు) రెండు మూడు తేదీలు మాట్లాడుకోండి, వాతావరణం వల్ల రద్దయితే అడ్వాన్సు సంగతేమిటో ముందే అడగండి. కెప్టెన్ వద్దంటే బతిమాలొద్దు. వాహూ అనే చేప కోసం 100 మైళ్ళ అవతల ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ అనే పగడపు దిబ్బల దాకా అని ఎవరైనా ఊరిస్తే, ఆ చేప మన వంజరానికి దాయాదే, రుచీ నిజమే, కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అంత దూరం వద్దు.

ఎండగా ఉన్నా సరే, పొడిబట్టలు ఒక జత, రెయిన్‌కోటు ఒకటి తలా ఒక కవర్లో కట్టి పెట్టుకోండి.