మూడు గంటల పెళ్లి వీడియో ఒకే డీవీడీలో పడుతుందా?

ప్రశ్న: పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లోని మూడు గంటల పెళ్లి వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించాం. డీవీడీగా మారిస్తే బొమ్మంతా గళ్లు గళ్లుగా కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: 4.7 జీబీ డిస్కులో మెనూ వగైరా పోగా దాదాపు 36,000 మెగాబిట్లు మిగులుతాయి. మీ 10,800 సెకన్లతో భాగిస్తే బొమ్మకు, ధ్వనికి కలిపి సెకనుకు 3.3 మెగాబిట్లు. ధ్వనికి పీసీఎం (కుదించని ధ్వని) ఎంచుకుంటే అదొక్కటే 1.5 మింగేస్తుంది, చాలాసార్లు బొమ్మ చెడేది ఇక్కడే. డాల్బీ డిజిటల్ (కుదించిన ధ్వని) 192 కిలోబిట్లు పెట్టండి, బొమ్మకు 3.1 దక్కుతుంది.

ఎన్‌కోడింగ్‌లో టూ-పాస్ వీబీఆర్ ఎంచుకోండి. అది వీడియోను రెండుసార్లు చదివి, ఊరేగింపు లాంటి కదలికలకు ఎక్కువ బిట్లు, పీటల మీద కూర్చున్న దృశ్యాలకు తక్కువ పంచుతుంది. గరిష్ఠం సెకనుకు 8 మెగాబిట్లు దాటనివ్వొద్దు. బొమ్మ సైజు 720×576 పిక్సెళ్ల బదులు 352×576 చాలు. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా అంతకుమించిన వివరం ఉండదు కాబట్టి మీరు పోగొట్టుకునేదేమీ లేదు. ఇంటర్‌లేస్‌ను (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతల రెండు ఫీల్డులుగా చూపే పద్ధతిని) అలాగే ఉంచండి. ఫీల్డ్ ఆర్డర్ (ఆ రెండింటిలో ఏది ముందన్నది) తారుమారైతే కదిలే ప్రతిదీ వణుకుతుంది. ఒకసారి కుదించిన ఫైల్‌ను మళ్లీ కుదించకండి, అసలు క్యాప్చర్ (క్యాసెట్ నుంచి మొదట ఎక్కించిన ఫైల్) నుంచే చేయండి.

డిజిటల్ క్యామ్‌కార్డర్ టేపైతే మాత్రం ఈ పొదుపు వద్దు. రెండు డిస్కులకు సగం సగం పంచితే బొమ్మకు 6.4 దొరుకుతుంది. 8.5 జీబీ డబుల్ లేయర్ డిస్కూ సరిపోతుంది గానీ కొన్ని పాత ప్లేయర్లు దాన్ని చదవవు.