బీటిల్ ఇంజన్ వేడెక్కుతోందా? ముందు రబ్బరు సీలు చూడండి

ప్రశ్న: మాది 1968 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. ఎండాకాలంలో అరగంట నడిపితే చాలు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఇంకో ఆయిల్ కూలర్ పెట్టించమంటున్నారు. పెట్టించాలా?

జవాబు: అప్పుడే వద్దు. వేడికి ఆయిల్ పలచబడి ప్రెషర్ తగ్గితే లైటు అలాగే మిణుకుతుంది. అసలు వేడి ఎందుకెక్కుతోందో చూడాలి. బీటిల్ ఫ్యాను ఇంజన్ పైనున్న గాలిని పీల్చి, సిలిండర్ల మీదుగా కిందికి తోస్తుంది. ఆ వేడిగాలి మళ్లీ పైకి రాకుండా చుట్టూ రేకులు, వాటి అంచున రబ్బరు సీలు ఉంటాయి. ఇంజన్ దించి ఎక్కించేటప్పుడు ఎండిపోయిన సీలును పీకి పారేయడం, చిన్న రేకొకటి బిగించకుండా వదిలేయడం మామూలే. వెనక మూత ఎత్తి చూడండి. ఇంజన్ పక్కన ఎక్కడైనా నేల కనబడితే అక్కడ సందున్నట్టే. ప్లగ్ వైర్లు రేకులోకి దూరే చోట రబ్బరు మూతలూ ఉండాలి.

తర్వాత వాల్వ్ గ్యాప్, అంటే వాల్వ్ కాడకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) 0.15 మి.మీ. పెట్టండి. గ్యాప్ తగ్గితే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు మీద సరిగా కూర్చోదు, తన వేడిని హెడ్‌కి ఇవ్వలేక కాలిపోతుంది. ముందుగా పోయేది సాధారణంగా 3వ సిలిండర్‌దే. మీ మోడల్‌లో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపలే, ఆ వైపు గాలికి అడ్డంగా ఉంటుంది. 1971 మోడళ్ల నుంచి కూలర్‌ను ఆ దారిలోంచి పక్కకు జరిపి విడిగా గాలి ఇచ్చారు. డబ్బు పెట్టదలిస్తే, ఇంకో కూలర్ కంటే ఆ 1971 రకం ఫ్యాన్ డబ్బా పెట్టించుకోవడమే మేలు.

ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) కూడా టైమింగ్ లైటు పెట్టి చూడండి. ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ 009 రకమైతే, 3,000 ఆర్‌పీఎం దాటాక రవ్వ పిస్టన్ పైకి చేరడానికి 28 నుంచి 32 డిగ్రీల ముందు పడాలి, అంతకు మించకూడదు. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే కాబట్టి డిప్‌స్టిక్ తరచూ చూస్తుండండి. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో ఈడ్చకండి. గేరు దించితే ఇంజన్‌తో పాటు ఫ్యానూ జోరందుకుంటుంది.

ప్రశ్న: ఫ్యాన్ బెల్టు ఎంత బిగువుండాలి?

జవాబు: మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 15 మి.మీ. దిగాలి. వదులుగా ఉంటే జనరేటర్ పుల్లీ నట్టు విప్పి, రెండు సగాల మధ్య ఉన్న వాషర్లలో ఒకటి తీయండి. బెల్టు పైకెక్కి బిగుస్తుంది. తీసిన వాషర్‌ను నట్టు కిందే పెట్టండి, రేపు కొత్త బెల్టుకు అదే కావాలి.

నడుస్తుండగా ఎర్రలైటు వెలిగితే బ్యాటరీ ఛార్జింగ్ సంగతేలే అనుకుని ముందుకు పోకండి. జనరేటర్‌నీ ఫ్యాన్‌నీ తిప్పేది ఆ బెల్టే. అది తెగితే ఇంజన్‌కి గాలే ఉండదు. వెంటనే పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి చూడండి.